ముళ్ళచెట్టుకు దక్కిన మర్యాద

మూఢనమ్మకం అనే మాట మన బడుల్లో చాలా చవక. వేల్పు చెట్టు కొమ్మ నరకకూడదని పిల్లవాడంటే చాలు, మూఢనమ్మకం. అలా అన్న టీచర్లలో మేమూ ఉన్నాం. ట్రైనింగులో నేర్చుకున్నది అదే మరి. అందుకే ఐర్లాండు సంగతి చెప్పాలి. అది యూరప్ దేశం, వెనుకబడిన గూడెమని ఎవరూ అనరు గదా!

అక్కడ పొలాల్లో గుండ్రని పాత మట్టికట్టలున్నాయి, 40,000కు పైగానే. వెయ్యేళ్ళు దాటిన రైతుల నివాసాలని చరిత్రకారులంటారు. ఊరివాళ్ళకు మాత్రం అవి కంటికి కనపడని జనం కోటలు. ఆ జనాన్ని పేరుపెట్టి పిలవరు, 'మంచివాళ్ళు' అంటారు. మనం రాత్రిపూట పామును పురుగు అన్నట్టే. కట్ట తవ్వినా, దానిమీది హాథార్న్ ముళ్ళచెట్టు కొట్టినా కీడు తప్పదని భయం. చట్టం రాకముందు వందల ఏళ్ళు ఆ కట్టలను కాపాడింది ఆ భయమే. భయం సడలి యంత్రాలొచ్చాక ఎన్నో చదునైపోయాయి.

1999లో క్లేర్ కౌంటీ లాటూన్ దగ్గర కొత్త రోడ్డుకు అలాంటి చెట్టొకటి అడ్డొచ్చింది. ఎడ్డీ లెనిహాన్ అనే కథకుడు పత్రికలకెక్కి పోరాడాడు. చెట్టు నిలిచింది, రోడ్డే సర్దుకుంది. విదేశీ పత్రికలు కూడా ముచ్చటగా రాశాయి. వాళ్ళ ముళ్ళచెట్టు సంస్కృతి, మన వేల్పు చెట్టు అభివృద్ధికి అడ్డు! ఇదెక్కడి న్యాయం?

అలాగని అక్కడి నమ్మకాలన్నీ నెత్తిన పెట్టుకోమనడం లేదు. 1895లో టిప్పరరీలో బ్రిడ్జెట్ క్లియరీని కట్టుకున్నవాడే కాల్చి చంపాడు. ఇది నా భార్య కాదు, ఆ జనం మార్చేసి పెట్టిన మనిషి అన్నాడు. చిల్లంగి, చేతబడి అంటూ మన గూడేల్లో జరిగిన హత్యలు గుర్తుకు రావడం లేదా? చెట్టును నిలబెట్టే నమ్మకాన్నీ మనిషిని కాల్చే నమ్మకాన్నీ ఒకే గంపలో వేసి పారబోయడం టీచరు పని కాదు. ఏరాలి. ఏరాలంటే ముందు వినాలి.

1937లో ఐర్లాండు జానపద సంఘం బడిపిల్లలకు ఆ పనే అప్పగించింది. ఇంట్లో, ఊళ్ళో ముసలివాళ్ళను అడిగి కథలు రాసుకు రమ్మంది. సుమారు 5,000 బడులు కలిశాయి. లక్షల పేజీలు పోగయ్యాయి. ఆ కోటల కథలూ వాటిలో ఉన్నాయి. దగ్గరుండి రాయించింది మనలాంటి టీచర్లే.

మన బడుల్లో ఆ నోటుపుస్తకం ఏది? ఈ సెలవులకే ఇద్దాం. చెట్టు పేరు, వేల్పు పేరు, చెప్పిన అవ్వ పేరు రాయించాలి. కోయలోనో గోండిలోనో చెప్పింది ఆ మాటల్లోనే, తెలుగు లిపిలో రాసినా సరే. ఎర్రసిరాతో మాత్రం దిద్దకండి.