సీసాలోని నిగారింపు

పసుపూ, సున్నిపిండీ చాలనుకున్న మన మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల హాస్టళ్ళలోకి ఇప్పుడు 'విటమిన్ సి' సీరం సీసాలు వచ్చాయి. ఆడపిల్లలే అనుకునేరు, మగపిల్లలూ తక్కువేం కాదు!

ఆ విటమిన్ ఆక్సీకరణాన్ని అడ్డుకుంటుందన్న మాట నిజమే. కాని అది ఆమ్లం. పి.హెచ్. 3.5 కన్న తక్కువగా వుంటేనే చర్మంలోకి బాగా దిగుతుంది. అందుకే కొందరికి మంట, దురద, ఎరుపు. (పసుపు పడనివాళ్ళూ లేకపోలేదు లెండి.) మనబోటి చామనచాయ వాళ్ళకి ఆ మంట చల్లారాక నల్లమచ్చ మిగిలిపోవచ్చు. మచ్చ పోవాలని మెస్సు డబ్బులు పెట్టి కొన్నది మచ్చనే తెచ్చిపెడితే ఎవర్ని అడగాలి?

పైగా వేడికీ, వెలుతురుకీ, గాలికీ అదే ముందు ఆక్సీకరణం చెందుతుంది. పలకల గనులు పెనంలా కాలే మన ఎండల్లో, రేకుల గదిలో పెట్టిన సీసా ఎన్నాళ్ళు నిలుస్తుంది? గోధుమరంగుకి తిరిగిందంటే పారబోయండి.

అంతకన్న నాకు భయం 'తెల్లబడే' క్రీములంటే. వాటిలో కొన్నింట స్టిరాయిడ్లుంటాయి. అలాంటి పూతమందులు పలు రకాల్ని డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదని 2018లో కేంద్రం కట్టడి చేసింది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, మొటిమలు లేస్తాయి, మానితే మరీ మండుతుంది.

సీరమే కావాలంటే ముందు మోచేతి లోపలివైపు నాలుగురోజులు రాసి చూడండి. మండితే మొహందాకా తీసుకుపోవద్దు.