కుట్టిన చేతికి కూలేదీ?

డిసెంబరు నెల. డెల్టాలో వరి కోతలు, కుప్పనూర్పిళ్ళు. మెట్ట ఊళ్ళలో పత్తి తీతలు. మాలపల్లెల్లో, మాదిగ గూడేల్లో ఇళ్ళ మీద కాగితం నక్షత్రాలు వేలాడుతున్నాయి. పగలంతా వంగి కూలి చేసొచ్చిన ఆడోళ్ళు రాత్రి గిన్నెలు కడుక్కుని మళ్ళీ పనిలో కూచుంటున్నారు. ఒకామె పిల్లల గౌనుకి అంచు కుడుతుంది. ఒకామె చిరిగిన చొక్కాకి మాసిక వేస్తుంది. అత్తా కోడలూ ఎదురెదురుగా కూచుని పాత చీరలు పరిచి బొంత కుడుతుంటారు. క్రిస్మస్‌కి ఇంటికి చుట్టాలొస్తారు. వచ్చినోళ్ళకి కప్పుకోను ఏదో ఒకటి ఉండాలి గదా!

ఈ పనికి మన ఇళ్ళల్లో పేరేమిటి? "ఏం చేస్తోందిరా మీ అమ్మ?" అంటే "ఏం లేదు, ఊరికే కూచుని కుట్టుకుంటోంది" అంటాడు కొడుకు. ఊరికే కూచోవడమంట! కళ్ళు నీళ్ళు కారుతుంటే, వేలికి సూది దిగుతుంటే, నడుం పట్టేస్తుంటే అది ఊరికే కూచోవడం ఎట్లా అవుతుంది? ఈ పక్షం మేము ఈ "ఊరికే" అనే మాట గురించే రాస్తున్నాం. సంఘాల్లో పనిచేసే మగవాళ్ళు ముఖ్యంగా చదవాలి.

ముందు బొంత అంటే ఏమిటో లెక్కగా చూద్దాం. చీరను రెండు మడతలు పెడితే మనిషి నిడివికి మించి వస్తుంది. వెడల్పు చాలదు గనుక రెండు చీరలు పక్కపక్కన కలిపి అతకాలి. అట్లాంటి పొరలు ఒకదాని మీద ఒకటి పరవాలి. బాగా చిరిగినవి లోపలికి, గట్టిగా ఉన్నవి పైకి, కిందకి. ముడతలు లేకుండా చేత్తో సాపు చేసి, మూలలకు రాళ్ళు పెట్టి, ముందు పెద్ద పెద్ద టాకాలతో పొరలన్నీ కదలకుండా పట్టెయ్యాలి. ఆ తర్వాత అంచు నుంచి నడిమికి వరుస తర్వాత వరుస సన్న టాకాలు. టాకా పొడుగైతే పిల్లల కాలి వేలు తగిలి తెగుతుంది. దారం బిగిస్తే బొంత ముడుచుకుపోతుంది, వదులైతే పొరలు జారతాయి. చీరల అంచులు కోసి చుట్టూ పట్టీగా వేస్తారు. ఏ చీర ఎక్కడ వెయ్యాలి, ఏ రంగు పక్కన ఏది నిలబడుతుంది అనేది కుట్టే ఆమె కళ్ళతోనే లెక్క కడుతుంది. ఏ బడిలోనూ దీన్ని నేర్పలేదు. అమ్మ దగ్గర కూచుని నేర్చుకున్న విద్య ఇది. అక్షరం రానివ్వని కులాల ఆడోళ్ళు గుడ్డ మీద రాసుకున్న రాత.

ఆ గుడ్డ ఎక్కడిది? దీనికీ ఒక చరిత్ర ఉంది. చండాలురు శవాల మీది బట్టలే కట్టుకోవాలని మనుస్మృతి పదో అధ్యాయంలో శాసనం రాసిపెట్టారు. చచ్చినోడి గుడ్డ బతికినోడికి! ఊళ్ళల్లో ఆ శాసనం రూపం మార్చుకుని నిన్నమొన్నటిదాకా నడిచింది. జీతగాడికి, వెట్టి చేసే ఆడమనిషికి పండగ పూట దొరసాని వాడి పారేసిన చీర, మిగిలిపోయిన కూడు. దాన్ని దానం అన్నారు. చేసిన చాకిరీకి రావలసిన కూలి మాత్రం ఎవరూ లెక్క చెప్పలేదు. ఆ పాత గుడ్డనే మన తల్లులు పొరలు పొరలుగా వేసి, చలికి తట్టుకునే బొంతగా మార్చి మనల్ని బతికించారు.

ఇక్కడొక మాట తెలుసుకుందాం. బాబాసాహెబ్ అంబేద్కర్ నాయకత్వంలో మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టిన రోజు 1927 డిసెంబరు 25. క్రిస్మస్ నాడే. ఆ సభల్లోనే ఆయన ఆడవాళ్ళతో విడిగా మాట్లాడారు. కట్టూ బొట్టూ చూడగానే అంటరానివాళ్ళని గుర్తుపట్టేట్టు బతకొద్దన్నారు. చీర కట్టు మార్చుకోమన్నారు. వంటి మీది గుడ్డ కూడా కులం సంగతే అని ఆయనకు తెలుసు. డిసెంబరు 25కి మన లెక్కలో మరో గుర్తు కూడా ఉంది. 1968లో అదే రోజు రాత్రి తమిళనాడు తంజావూరు జిల్లా కీళ్‌వెణ్మణిలో కూలి పెంచమన్నందుకు 44 మంది దళితుల్ని గుడిసెలో పెట్టి కాల్చేశారు. ఎక్కువమంది ఆడోళ్ళు, పిల్లలు. నక్షత్రం కట్టుకునే రోజున ఈ రెండూ మర్చిపోకూడదు. ఒకటి మనం పెట్టిన మంట. ఇంకోటి మనమీద పెట్టిన మంట. రెండో మంట కూలి అడిగినందుకే గదా పెట్టారు!

ఇప్పుడు చర్చి సంగతి. పుట్టిన బిడ్డను ఆ తల్లి పొత్తిగుడ్డల్లో చుట్టి పశువుల తొట్టిలో పడుకోబెట్టిందని లూకా సువార్తలో ఉంది. ప్రతి క్రిస్మస్‌కి తొట్టి బొమ్మ పెడతాం, గొర్రెల కాపరుల వేషం వేయిస్తాం. పొత్తిగుడ్డ మీద మాత్రం ఎవరూ ప్రసంగం చెప్పరు. మన ఇళ్ళల్లో బిడ్డ పుడితే మెత్తబడ్డ పాత చీరతో చిన్న బొంత కుట్టి అందులోనే చుట్టుకుంటాం. ఆ కథ మనకు అర్థమయినంతగా మేడల్లో వాళ్ళకు ఎట్లా అర్థమవుద్ది? అట్లాగే అపొస్తలుల కార్యాల్లో యొప్పేలో దొర్కా అనే ఆమె ఉంది. ఆమె చనిపోతే విధవరాళ్ళు ఏడుస్తూ ఆమె కుట్టిన అంగీలు, వస్త్రాలు తెచ్చి చూపించారు. ఒక ఆడమనిషి బతుక్కి సాక్ష్యంగా ఆమె కుట్టిన బట్టలు నిలబడ్డాయి. స్త్రీల కూడికల్లో దొర్కాను ధర్మాత్మురాలని చెబుతారు. సరే. ఆమె పనిమంతురాలు కూడా అని చెప్పాలి.

పని అన్నాక కూలి మాట రావాలి. మన నేల మీదే నర్సాపురం ఉంది. పశ్చిమ గోదావరి. పందొమ్మిదో శతాబ్దం నడిమిలో మిషనరీలు అక్కడ లేసు అల్లికలు తెచ్చారు. మొదట నేర్చుకున్నది క్రైస్తవంలోకి వచ్చిన మాల మాదిగ ఆడోళ్ళు. తర్వాత అది వ్యాపారమైంది, గడప దాటని కాపు పేద స్త్రీల చేతుల్లోకి పాకింది. నర్సాపురం లేసు సముద్రాలు దాటి అమ్ముడుపోయింది. జర్మనీ నుంచి వచ్చిన మరియా మీస్ అనే సామాజిక శాస్త్రవేత్త ఈ ఊళ్ళన్నీ తిరిగి 1982లో ఒక పుస్తకం అచ్చువేసింది. ఆమె తేల్చిన సంగతి ఇది: లక్షకు పైగా ఆడోళ్ళు అల్లుతున్నారు, ఎగుమతిదార్లు కోటీశ్వరులవుతున్నారు. ఈ ఆడోళ్ళ పేరు మాత్రం కార్మికుల లెక్కలో లేదు. ఎందుకు? వాళ్ళు "ఇల్లాళ్ళు" గనుక. వాళ్ళు చేసేది "తీరిక వేళ పని" గనుక. ఆ ఒక్క మాట అడ్డం పెట్టుకుని పొలం కూలికన్నా తక్కువ పడేశారు. దారం ఇచ్చేవాడు ఒకడు, సరుకు పట్టుకుపోయేవాడు ఒకడు, ధర కట్టేవాడు ఎక్కడో ఇంకొకడు. అల్లిన ఆమెకి తన అల్లిక ఏ దేశంలో ఏ బల్ల మీద పరిచారో తెలీదు. 2024లో నర్సాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు దక్కింది. సంతోషం. ఊరి పేరుకి గుర్తింపు వచ్చింది. అల్లే చేతికి గుర్తింపు ఎప్పుడు?

ఇంకో దేశం సంగతి చెబుతాం. అమెరికాలో అలబామా రాష్ట్రం, విల్కాక్స్ కౌంటీ. అలబామా నది మెలిక తిరిగిన చోట జీస్ బెండ్ అనే నల్లవాళ్ళ పల్లె ఉంది. అక్కడివాళ్ళు పత్తి తోటల బానిసల సంతతి. ఆ తోట యజమాని పెట్‌వే ఇంటిపేరే ఇప్పటికీ చాలా కుటుంబాలకు ఉంది. 1932లో అప్పిచ్చిన వ్యాపారి చనిపోతే, బాకీ కింద వీళ్ళ పశువుల్ని, పనిముట్లని, గింజల్ని కూడా ఊడ్చుకుపోయారు. ఆ పల్లె ఆడోళ్ళు మనలాగే చిరిగిన పనిబట్టలు, పిండి సంచులు కోసి, అతికి, బొంతలు కుట్టారు. చలికి కప్పుకోవడానికి, గోడ సందుల్లోంచి గాలి రాకుండా ఆపడానికి.

1960లలో ఆ ప్రజలు ఓటు హక్కు కోసం లేచారు. నది అవతల క్యామ్డెన్ పట్నంలో ఓటరుగా నమోదు కావాలి. 1962లో నది మీద బల్లకట్టు ఆపేశారు. చుట్టూ తిరిగి పోవాలంటే గంట ప్రయాణం. అది మళ్ళీ నడిచింది 2006లో! చెరువు కాడ మన బిందెని ఆపినోళ్ళకీ, అక్కడ బల్లకట్టుని ఆపినోళ్ళకీ తేడా ఏముంది? ఓటుకు పేరు రాయించుకున్న పాపానికి ఆ చుట్టుపక్కల కౌలు కుటుంబాల్ని భూస్వాములు వెళ్ళగొట్టారు. అప్పుడు ఆ ఆడోళ్ళు ఏం చేశారు? 1966లో ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పెట్టారు. స్వేచ్ఛా బొంతల సంఘం అనుకోండి. తమ బొంతలు తామే న్యూయార్క్ దాకా పంపి అమ్మారు. వచ్చిన డబ్బుతో 1969లో 23 ఎకరాలు కొన్నారు. కుట్టుపని షెడ్డు కట్టుకున్నారు. వెళ్ళగొట్టబడిన కుటుంబాల్లో కొన్నింటికి అందులోనే ఇళ్ళ జాగాలు అమ్మారు. వినండి అక్కల్లారా! బొంత అమ్మి భూమి కొన్నారు. సూది పట్టుకుని భూస్వామికి జవాబు చెప్పారు.

2002లో జీస్ బెండ్ బొంతలు హూస్టన్ మ్యూజియంలో గోడకెక్కాయి. గొప్ప కళ అని పత్రికలు రాశాయి. 2006లో వాటి బొమ్మలతో తపాలా బిళ్ళలు వచ్చాయి. కానీ ఆ పాత సహకార సంఘం 2012లో మూతబడింది. గోడ మీద మెప్పు వేరు, చేతికి ముట్టే కూలి వేరు. రేపు మన బొంతల్ని కూడా ఎవరో నగరాల్లో "సంప్రదాయ కళ" అని అద్దాల కొట్లో పెట్టొచ్చు. అప్పుడు వాళ్ళ మెప్పు చూసి మురిసిపోయి కుట్టిన మనిషి పేరూ, కుట్టిన మనిషి వాటా అడగడం మర్చిపోకూడదు.

మేము పేదరికానికి పాటలు కట్టడం లేదు. ఎవరూ దుప్పటి లేక పాత చీరల మీదే ఆధారపడే బతుకు ఉండకూడదు. కానీ దుప్పటి ఎవరు ఇస్తున్నారు, ఎట్లా ఇస్తున్నారు అనేది చూడాలి. క్రిస్మస్ ముందు వారం పెద్దమనుషులు వ్యానేసుకుని గూడేనికి వస్తారు. ముసలమ్మల్ని వరసగా నిలబెట్టి, దుప్పటి చేతిలో పెట్టి, ఫోటో తీయించుకుంటారు. ఏడాదంతా కూలి రేటు దగ్గర గీచి గీచి బేరమాడిన చెయ్యే ఆ ఒక్కరోజు దాన హస్తమవుతుంది. ప్రభుత్వాలు కూడా క్రిస్మస్‌కి విందులు పెట్టాయి, బట్టలు పంచాయి. తీసుకుంటే తప్పు లేదు, అది మన పన్నుల డబ్బే. కానీ 1950 రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవం తీసుకున్న దళితుణ్ణి షెడ్యూల్డు కులాల జాబితా నుంచి తీసేసింది. 1956లో సిక్కు దళితులకు, 1990లో బౌద్ధ దళితులకు తలుపు తీశారు. క్రైస్తవ దళితుణ్ణి మన దగ్గర బీసీ-సి కింద ఒక్క శాతంలో కూచోబెట్టారు. మతం మారితే ఊళ్ళో అంటరానితనం పోయిందా? రెండో గ్లాసు పోయిందా? చీర ఇచ్చే చెయ్యి హక్కు దగ్గర ఎందుకు ముడుచుకుపోతోంది? ఈ ప్రశ్న దుప్పటి తీసుకునేటప్పుడే అడగాలి.

మరి చెయ్యాల్సిందేమిటి?

ఒకటి, లెక్క రాయండి. రోజుకు రెండు గంటల చొప్పున ఇరవై రోజులు కుడితే 40 గంటలు. ఎనిమిది గంటల దినం లెక్కన అయిదు కూలి దినాలు. 2025 ఏప్రిల్ నుంచి అమలైన ఉపాధి హామీ కూలి రెండు తెలుగు రాష్ట్రాల్లో 307 రూపాయలు. అయిదు దినాలకు 1,535 రూపాయలు. గుడ్డ, దారం ఖర్చు దీనికి అదనం. రెండు మూడు వందలకు బొంత అడిగే బేరగాడికి ఈ లెక్క చూపించండి. బడికెళ్ళే పిల్లలతో నోటుబుక్కులో రాయించండి.

రెండు, బయటి కుట్టుపని ఇంటికి తెచ్చుకునే అక్కలు ముక్కకు ఎంతో, ఎన్ని ముక్కలో, డబ్బు ఏనాడు ముట్టిందో తేదీ వేసి రాసుకోవాలి. ఒక్కొక్కరు విడిగా ఏజెంటుతో బేరం ఆడొద్దు. పల్లెకి ఒకటే రేటు ఉండాలి. ఇంట్లో కూచుని పనిచేసే వాళ్ళు కూడా కార్మికులేనని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒప్పందం చేసింది. మన దేశం దాన్ని ఆమోదించలేదు. అయినా 2008 అసంఘటిత కార్మికుల చట్టంలోనూ, 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఇంటి నుంచి పనిచేసే కార్మికులనే మాట ఎక్కింది. 2021లో మొదలైన ఈ-శ్రమ్‌లో పేరు నమోదు చేయించుకోండి. వృత్తి కాలమ్‌లో "గృహిణి" అని రాయనివ్వొద్దు. కుట్టుపని అని రాయించండి.

మూడు, సంక్షేమ హాస్టళ్ళకు పోయి చూడండి. మన పిల్లలు ఈ చలిలో ఏం కప్పుకుంటున్నారు? దుప్పట్లు వచ్చాయా, స్టోరు గదిలో ఉన్నాయా? ఇది దయాదాక్షిణ్యం కాదు, సర్కారు బాధ్యత. రాకపోతే అర్జీ పెట్టండి.

నాలుగు, చర్చి స్త్రీల సమాజమూ, అంబేద్కర్ సంఘమూ ఎడమొహం పెడమొహంగా ఉండే ఊళ్ళు ఉన్నాయి. మాల ఆడోళ్ళు ఒక దిక్కు, మాదిగ ఆడోళ్ళు ఒక దిక్కు కూచునే చర్చిలూ ఉన్నాయి. ఈ నెల ఒక్క బొంత పరిచి దాని నాలుగు పక్కలా అందరూ కలిసి కూచోండి. కుట్టేటప్పుడు మాటలొస్తాయి. కూలి రేట్లు బయటకొస్తాయి. తాగొచ్చి కొట్టే మొగుళ్ళ సంగతీ బయటకొస్తుంది. సంఘం అట్లాగే పుడుతుంది.

అయిదు, తమ్ముళ్ళకి, అన్నలకి. ఆమె కుడుతున్నప్పుడు కూర నువ్వొండు. పిల్లల్ని నువ్వు చూడు. రాత్రి కళ్ళు మసకబారితే సూదిలో దారం నువ్వెక్కించు. మీటింగుల్లో శ్రమదోపిడీ మీద గంట మాట్లాడి, ఇంటికొచ్చి "ఊరికే కూచున్నావా" అనే కార్యకర్త మాకు అక్కర్లేదు.

మేము కోరేది పెద్ద కోరిక కాదు. కుట్టేది పని. పనికి లెక్క ఉంది. లెక్కకి కూలి ఉంది. ఈ మూడు మాటలు ఈ క్రిస్మస్ నుంచి ప్రతి గూడెంలో గట్టిగా అనండి. మీ ఊళ్ళో కుట్టుపనికి ఏ రేటు ఇస్తున్నారో మాకు రాసి పంపండి, అచ్చువేస్తాం.

జై భీమ్!