కన్సోల్ ఖాతాదారుల గోడు వినండి

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కార్యదర్శి గారికి,

2011 ఏప్రిల్‌లో గేమ్ కన్సోల్‌ల ఆన్‌లైన్ సేవ అయిన ప్లేస్టేషన్ నెట్‌వర్క్‌పై సైబర్ దాడితో దాదాపు 7.7 కోట్ల ఖాతాల భద్రతకు ముప్పు వచ్చింది. సేవలు మూడు వారాలకు పైగా ఆగిపోయాయి. అందుకే పాస్‌వర్డ్‌తోపాటు ఫోన్‌కు వచ్చే కోడ్ వంటిది కూడా అడిగే రెండంచెల ధ్రువీకరణ అవసరమే. కానీ ఫోన్ నంబరు మారి, బ్యాకప్ కోడ్‌లు కూడా పోతే డబ్బు పెట్టి కొన్న డిజిటల్ గేమ్‌లు ఖాతాతోపాటే చిక్కుకుపోతాయి. ఖాతాలోకి వెళ్లలేనప్పుడు సర్వర్ ఆగిందో, పాస్‌వర్డ్ తప్పో, కన్సోల్‌లో తేదీ తప్పుగా ఉందో ఎర్రర్ కోడ్ చూస్తే సామాన్యుడికి తెలియదు.

2019 వినియోగదారుల రక్షణ చట్టం డిజిటల్ ఉత్పత్తుల అమ్మకాన్నీ ఈ-కామర్స్‌గానే గుర్తించింది. కాబట్టి కన్సోల్ కంపెనీలు లోపానికి కారణాన్ని తెలుగుతో సహా భారతీయ భాషల్లో చెప్పాలి. కొనుగోలు రసీదు చూపినవారికి నిర్ణీత గడువులో ఖాతా తిరిగి అప్పగించాలి. ఆ మేరకు నిబంధనలు తేవాలని మా విన్నపం.

ఇట్లు,
ఒక వినియోగదారుడు