హనూకా దీపముల చెంతకు బాలలను పంపుడు

లండన్ బార్నెట్ నగరపాలక సంస్థ విద్యాధికారి గారికి,

ఆర్యా,

ఇంగ్లండులో యూదులు అత్యధిక సంఖ్యలో నివసించు మీ బార్నెట్ ప్రాంతమున, వృద్ధాశ్రమములలో కాలము గడుపుచున్న పెద్దలకును, వాటికి కూతవేటు దూరమున చదువుకొను బాలబాలికలకును హనూకా దినములలో సమావేశము కల్పింపవలెనని ఈ లేఖామూలమున విన్నవించుచున్నాను.

క్రీ.పూ. 164లో యూదా మక్కబీయును ఆతని అనుచరులును జెరూసలేము దేవాలయమును శుద్ధిచేసి పునఃప్రతిష్ఠించిన ఘట్టమును స్మరించు ఈ పర్వమున, తొలి రాత్రి ఒక్కటి, మలి రాత్రి రెండు, ఈ క్రమమున ఎనిమిదవ రాత్రికి ఎనిమిది దీపములు వెలుగును (వాటిని వెలిగించు సేవకదీపము వేరు), దినమున కొక్కటి తగ్గింపవలెనని షమ్మాయి సంప్రదాయమువారును, పెంపవలెనని హిల్లేలు సంప్రదాయమువారును పూర్వము వాదించుకొనగా, పెంచు పద్ధతియే నిలిచినది, నిలువదగినదియు నదియే.

పాటలు పాడి, ఛాయాచిత్రములు దిగి, బస్సెక్కి మరలిపోవు దర్శనమును నేను కోరుట లేదు. అది పెద్దలకు అలసటయే గాని ఆనందము కాదు. నాలుగు ముఖముల డ్రైడెల్ బొంగరమును త్రిప్పుచు, నూనెలో వేగిన బంగాళాదుంపల లాట్కెలు తినుచు, తమ బాల్యమున ఏ యూర ఏ కిటికీలో దీపములు పెట్టిరో పెద్దలు చెప్పగా, అన్యమతముల పిల్లలును వినునట్లు, ఒక గంటయైనను కలిసి కూర్చుండవలెను. ప్రాణవాయు యంత్రములున్న గదులలో మాత్రము విద్యుద్దీపములే శ్రేయస్కరము.

2024లో ఈ పర్వము డిసెంబరు 25 సాయంకాలమున ఆరంభమై బడి సెలవులలో పడినది. 2026లో డిసెంబరు 4, శుక్రవారమున ఆరంభమగును. ఆ దినములలో లండనున నాలుగు గంటలకు ముందే సూర్యుడస్తమించును గనుక, బడి విడిచిన పిల్లలు దీపములు వెలిగించు వేళకు సులభముగా చేరగలరు. సబ్బాతు నియమములు గల శుక్రవారమును విడిచి, 7 నుండి 10వ తేదీ వరకు గల దినములలో నొకదానిని నిర్ణయించి, ప్రధానోపాధ్యాయులకు ముందుగానే లేఖలు వ్రాయింపుడని ప్రార్థించుచున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
మీ ప్రాంతవాసియగు ఒక తెలుగువాడు