మిద్దెపై కూరగాయలు.. ముందుగా తేలాల్సింది నీటి లెక్కే!

కమలాపురం: పాపఘ్ని, పెన్నా నదుల సంగమానికి చేరువలోనే ఉన్నా, వేసవి వచ్చిందంటే బిందె నీటిని సైతం ఆచితూచి వాడుకోవడం ఈ ప్రాంత కుటుంబాలకు అలవాటే. ఇలాంటి చోట మిద్దెపై కుండీల్లో కూరగాయలు, పండ్ల మొక్కలు పెంచుకోవచ్చంటే మొదట వింతగానే తోస్తుంది. మెట్టభూమికే తడి అందని సీమలో మిద్దెకు నీరెక్కడిదన్న ప్రశ్న సహజం. అయితే కాస్త లోతుగా పరిశీలిస్తే కుండీల సాగు ఇక్కడ అసాధ్యమేమీ కాదు. ఎన్ని కుండీలు పెట్టాలన్నది మిద్దె వైశాల్యాన్ని బట్టి కాక, మే నెలలో ఆ ఇంట మిగిలే నీటిని బట్టి నిర్ణయించుకోవాలి. ఈ ఒక్క లెక్క తప్పడం వల్లనే ఉత్సాహంగా మొదలుపెట్టిన మిద్దె తోటలు తొలి వేసవికే ఎండిపోయే ప్రమాదం ఉంది.

ధరల ఊగిసలాట

మిద్దె తోట ఊసు ఎక్కువగా వినిపించేది టమోటా ధర మండినప్పుడే. 2021 నవంబరులో భారీ వర్షాలు, వరదలు కడప జిల్లాను అతలాకుతలం చేశాయి. కమలాపురం వద్ద పాపఘ్ని వంతెన కూలిపోయి రాకపోకలు స్తంభించాయి. అదే నెలలో రాష్ట్రంలో టమోటా కిలో రూ.100 దాటింది. 2023 జులైలో మదనపల్లె మార్కెట్లో టోకు ధరే కిలో రూ.200కు చేరువైంది. దాంతో ప్రభుత్వం రైతు బజార్లలో కిలో రూ.50 వంతున రాయితీపై విక్రయించవలసి వచ్చింది. 1999లో రైతు బజార్లు ఏర్పాటైంది దళారుల బెడద తగ్గించడానికే అయినా, సరకు కొరత వచ్చినప్పుడు అవి కూడా చేయగలిగింది పరిమితమే.

మరోవైపు ధర పడిపోయినప్పుడు పత్తికొండ, మదనపల్లె ప్రాంతాల రైతులు టమోటాను రోడ్డుపై పారబోసిన సందర్భాలు అనేకం. పండించినవారికి గిట్టుబాటు కాదు, కొనేవారికి అందుబాటులో ఉండదు. పది కుండీలు ఈ చిక్కుముడిని విప్పలేవు. ఆ మాట ముందే చెప్పుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం ఒక్కొక్కరు రోజుకు కనీసం 400 గ్రాముల కూరగాయలు, పండ్లు తీసుకోవాలి. నలుగురున్న ఇంటికి 1.6 కిలోలు కావాలి. చిన్న మిద్దె తోట నుంచి రోజూ అంత దిగుబడి ఆశించడం అత్యాశే.

మరి ప్రయోజనం ఏమిటి? ఆకుకూరల్లో ఉంది. కోసిన పూటకే వాడిపోయేవి, దూరం నుంచి వస్తే సారం కోల్పోయేవి, ఇంట పండించడానికి అన్నిటికన్నా తేలికైనవి అవే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు. ఆకుకూరలు ఒక్కటే దీనికి మందు కాకపోయినా, వారానికి మూడు నాలుగు సార్లు తాజా కూర పళ్లెంలోకి రావడం చిన్న విషయం కాదు. చదరపు మీటరు స్థలంలో తోటకూర లేదా పాలకూర బాగా వస్తే ఒక కోతకు కిలోకు అటూ ఇటుగా దిగుబడి వస్తుంది.

బకెట్ నీటికి పది కుండీలు

ఒక అడుగు లోతు కుండీలో పెరిగే టమోటా, వంగ మొక్కకు చలికాలంలో రోజుకు లీటరు లోపే సరిపోతుంది. ఎండలు ముదిరితే రెండు లీటర్లు, ఒక్కోసారి అంతకు మించి కూడా కావాలి. సగటున రెండు లీటర్లు అనుకుంటే 20 లీటర్ల బకెట్ పది కుండీలకు వస్తుంది. బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీటిని పారబోయకుండా దాచితే ఇందులో కొంత భాగం సమకూరుతుంది. మిగతా భాగం కుళాయి నుంచో, బోరు నుంచో రావాలి. అది రాని ఇంట కుండీల సంఖ్య తగ్గించుకోవలసిందే.

అన్ని నీళ్లూ పనికిరావన్నది మరో ముఖ్య విషయం. శుద్ధజల యంత్రం నుంచి బయటికి వదిలే నీటిలో లవణాలు గాఢంగా ఉంటాయి. ఆ నీటిని కుండీలకు పోస్తే మొక్కలు క్రమంగా దెబ్బతింటాయి. సబ్బు నీరు ఆకుకూరలకు వాడరాదు. ఉప్పు బోరు నీరు తప్పనిసరైతే కుండీ మట్టిపై తెల్లని పొర తేలుతుంది, ఆకుల అంచులు మాడతాయి. అలాంటప్పుడు పదిహేను రోజులకోసారి అడుగు రంధ్రాల నుంచి ధారగా కారేవరకూ మంచి నీరు పోసి ఉప్పును కడిగివేయాలి. ఆ నీరు కూడా లేనిచోట ఆశ వాన నీటిపైనే.

జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి 700 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. చదరపు మీటరుపై మిల్లీమీటరు వాన కురిస్తే లీటరు నీరు. ఈ లెక్కన వంద చదరపు మీటర్ల మిద్దెపై ఏటా పడేది సుమారు 70 వేల లీటర్లు. అంతా నిల్వ చేయడం సాధ్యం కాదు. కానీ వెయ్యి లీటర్ల ట్యాంకు ఒక్కటి నింపుకున్నా పది కుండీలకు యాభై రోజులు గడుస్తుంది. తొలకరి జల్లుకు మిద్దెపై దుమ్ము కొట్టుకుపోయాక, తర్వాతి వాన నీటిని పట్టుకోవడం మేలు.

మిద్దె ఎంత మోస్తుంది?

రాయలసీమలో మిద్దె అంటే ఒకటే రకం కాదు. పాతకాలపు మట్టి మిద్దెలు, దూలాలపై బండలు పరిచిన మిద్దెలు ఇంకా ఉన్నాయి. వాటిపై కుండీల బరువు వేయడం ప్రమాదకరం. అలాంటి ఇళ్లవారు వాకిలి, పెరడు, గోడవార స్థలాన్ని వాడుకోవాలి. సిమెంటు కప్పులకూ పరిమితి ఉంది. మనుషులు తిరిగే కప్పు చదరపు మీటరుకు 150 కిలోల అదనపు భారం మోసేలా భారతీయ ప్రమాణాలు నిర్దేశించాయి. కప్పుపై అడుగు మందాన మట్టి పరిచి తడిపితే చదరపు మీటరుకు 450 కిలోలకు పైగా బరువు పడుతుంది. అంటే పరిమితికి మూడింతలు. కాబట్టి కప్పంతా మట్టి పరిచి మడులు కట్టడం నిపుణుల సలహా లేకుండా చేయకూడని పని.

నీరు పట్టిన మట్టితో 20 లీటర్ల బకెట్ 25 నుంచి 30 కిలోలు తూగుతుంది. చదరపు మీటరుకు నాలుగింటికి మించకుండా, కింద గోడలు, దూలాలు ఉన్న వరుసల వెంబడి అమర్చడం శ్రేయస్కరం. కుండీ కింద రెండు ఇటుకలు పెడితే నీరు నిలవదు, కప్పు చెమ్మగిల్లదు.

మట్టిలోనే ఉంది మర్మం

ఈ ప్రాంతంలో విరివిగా దొరికే నల్లరేగడి పొలానికి వరమే అయినా కుండీకి శాపం. తడిస్తే ముద్దవుతుంది, ఎండితే బీటలు వారి అంచులను వదిలేస్తుంది. పోసిన నీరు వేరుకు అందకుండా ఆ సందుల్లోంచి కారిపోతుంది. ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, నీటిలో కడిగిన కొబ్బరి పొట్టు సమపాళ్లలో కలిపి, కుండీకి గుప్పెడు వేపపిండి చేర్చితే మట్టి గుల్లగా ఉంటుంది, బరువూ తగ్గుతుంది. పచ్చి పేడ వాడితే వేర్లు దెబ్బతినే అవకాశం ఉంది.

కుండీలకు ఖర్చు పెట్టనవసరం లేదు. ఖాళీ బకెట్లు, నూనె డబ్బాలు, పగిలిన తొట్లు, సిమెంటు సంచులు అడుగున నాలుగైదు రంధ్రాలు చేసుకుంటే చాలు. సిమెంటు సంచులను మాత్రం శుభ్రంగా కడగాలి. పురుగుమందులు, రసాయనాలు నిల్వ చేసిన డ్రమ్ములను ఎంత కడిగినా తినే పంటకు వాడరాదు.

ఏ కాలానికి ఏ పంట

మొదలుపెట్టే కాలం ముఖ్యం. ఉగాది ఉత్సాహంతో మార్చి, ఏప్రిల్ నెలల్లో నారు నాటితే లేత వేర్లకు ఎండ దెబ్బ తప్పదు. జూన్, జులైలో తొలకరికి గానీ, ఎండ తగ్గి ఈశాన్య రుతుపవనాలు వచ్చే సెప్టెంబరు, అక్టోబరులో గానీ శ్రీకారం చుట్టాలి.

ఆకుకూరలకు ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతు చాలు. మెంతి, తోటకూర మూడు నాలుగు వారాల్లో చేతికి వస్తాయి. పాలకూరను మొదలంటా పీకకుండా కోసుకుంటే మళ్లీ చిగురిస్తుంది. వంగ, మిరప, టమోటాకు అడుగు లోతు, 15 నుంచి 20 లీటర్ల కుండీ అవసరం. బీర, కాకర తీగలకు పందిరి వేయాలి, కుండీ మరికాస్త పెద్దది కావాలి. పండ్లలో నిమ్మ, దానిమ్మ, అంజూర, జామ అంట్లను సగానికి కోసిన పెద్ద డ్రమ్ములో పెంచవచ్చు. చీనీ తోటలకు పేరున్న జిల్లా అయినా, కొత్తవారు నిమ్మతో మొదలుపెట్టడం తేలిక.

పగటి ఉష్ణోగ్రత 35 డిగ్రీలు మించి, రాత్రులూ చల్లబడకపోతే టమోటా పూత రాలిపోతుంది. వేసవిలో 40 డిగ్రీలు సులువుగా దాటే కమలాపురంలో ఏప్రిల్, మే నెలల్లో టమోటా కాపు కోసం నీరు ధారపోయడం వృథా. ఆ రెండు నెలలూ కుండీల సంఖ్య సగానికి తగ్గించి, మిగిలినవాటిని సగం ఎండను ఆపే షేడ్‌నెట్ కిందికి లేదా గోడ నీడకు చేర్చాలి. నల్ల ప్లాస్టిక్ కుండీలు వేడిని పీల్చి వేర్లను ఉడికిస్తాయి. వాటికి గోనె చుట్టాలి. వేరుసెనగ పొట్టును మట్టిపై రెండు అంగుళాల మందాన పరిస్తే తేమ త్వరగా ఆరదు. సీమ పల్లెల్లో దానికి కరువు లేదు.

పేనుబంక, పిండినల్లి కనిపిస్తే లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం పిచికారీ చేయాలి. కుండీల కింద పళ్లాల్లో నీరు నిలిస్తే డెంగీ దోమలకు నిలయమవుతుంది. వారానికి ఒకసారైనా వాటిని ఖాళీ చేయడం మరువరాదు.

ఇతరుల అనుభవం.. మన పరిస్థితి

'మిద్దె తోట' అన్న మాటను తెలుగు ఇళ్లకు చేరువ చేసినవారిలో హైదరాబాద్ శివారు నారపల్లిలో తన ఇంటిపైనే తోటను పెంచిన రచయిత తుమ్మేటి రఘోత్తమ రెడ్డి ప్రముఖులు. విదేశాల్లో చూస్తే 1990 దశకంలో సోవియట్ సాయం ఆగి ఆహారానికి కటకటలాడిన క్యూబాలో, రాజధాని హవానా ఖాళీ స్థలాలన్నీ కూరగాయల మడులుగా మారాయి. ఈ అనుభవాలు స్ఫూర్తినిస్తాయి. కానీ హవానాలో ఏటా వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన కురుస్తుంది. హైదరాబాద్ ఎండ వేరు, కడప ఎండ వేరు. అక్కడి పద్ధతిని ఉన్నది ఉన్నట్టుగా ఇక్కడికి దించుకుంటే నీటి దగ్గరే బెడిసికొడుతుంది.

అధికారులు చేయవలసింది

కమలాపురం 2020లో నగర పంచాయతీగా మారింది. పట్టణ హోదాతో పాటు చెత్త సమస్యా పెద్దదవుతుంది. తడి, పొడి చెత్తను ఇంటివద్దే వేరు చేయాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలే చెప్పాయి. తడి చెత్తతో తయారైన ఎరువును నాణ్యత పరీక్షించి మిద్దె తోటలకు తక్కువ ధరకు అందిస్తే అటు చెత్త భారం తగ్గుతుంది, ఇటు ఇళ్లకు ఎరువు దొరుకుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో ఉద్యాన శాఖ 'మన ఇంటి కూరగాయలు' పేరిట రాజధానిలో రాయితీపై సామగ్రి అందించింది. అలాంటి తోడ్పాటు చిన్న పట్టణాలకూ విస్తరించవలసి ఉంది. అయితే ఇక్కడ రాయితీ కుండీలకు కాక వాన నీటి ట్యాంకులకు, షేడ్‌నెట్‌లకు ఇవ్వడం సమంజసం. ఊటుకూరు కృషి విజ్ఞాన కేంద్రం, అనంతరాజుపేట ఉద్యాన కళాశాల నిపుణులు ఏడాదికోసారి పట్టణంలో నీటి పరీక్షలు జరిపి, ఏ వీధి బోరు నీరు ఏ పంటకు తగునో చెప్పగలిగితే సగం వైఫల్యాలు తగ్గుతాయి.

కొత్తవారు ఐదు కుండీలతో మొదలుపెట్టడం ఉత్తమం. రెండింటిలో ఆకుకూరలు, ఒకదానిలో మిరప, ఒకదానిలో వంగ, మరొకదానిలో నిమ్మ అంటు. తొలి వేసవిని ఈ ఐదూ దాటితే మరో ఐదు చేర్చవచ్చు. దాటకపోతే ఆ ఇంటి నీటికి అవే ఎక్కువని గ్రహించి తగ్గించుకోవాలి. కరువు నేలలో సేద్యం చేసిన పెద్దలు వాన చూసి విత్తు వేశారే తప్ప, చేను పెద్దదని వేయలేదు. మిద్దెకెక్కిన సాగుకూ అదే నియమం వర్తిస్తుంది.