షెడ్డు చేసిన మార్పుకు చట్టంలో చోటేది?

పలాస–కాశీబుగ్గ జీడి పరిశ్రమల్లో యంత్రాల మీద బిగించిన రేకు పలకలు చదువుకుంటూ పోతే ఎక్కువగా గుజరాత్, కర్ణాటక, తమిళనాడు ఊళ్ల పేర్లే కనిపిస్తాయి. దశాబ్దాలుగా దేశమంతటికీ పప్పు పంపుతున్న ఊరికి పిక్క కోసే యంత్రం బయటి నుంచే రావాలి. అయితే వచ్చిన యంత్రం వచ్చినట్టే నడవదు. ఇక్కడి ఉద్దానం ప్రాంతపు పిక్క ఒక సైజులో ఉండదు, ఆఫ్రికా నుంచి దిగుమతయ్యే పిక్క మరో తీరు. బ్లేడు వాలు మార్చాలి, స్ప్రింగు బిగువు సరిచూడాలి, పిక్క జారే దారిని కాస్త వెడల్పు చేయాలి. ఆ పని చేసేది స్థానిక లేత్ షాపు మేస్త్రీ. అతను చేసిన మార్పు పక్క షెడ్డుకు నోటిమాటగా వెళ్తుంది గాని కాగితం మీదకు ఎన్నడూ ఎక్కదు. ఎక్కించాలనుకున్నా మన పేటెంట్ చట్టంలో దానికి చోటు లేదు. ఈ లోటు గురించి మాట్లాడాల్సిన సమయం దాటిపోతోంది.

ఆ మార్పుల విలువ ఎంతో తెలియాలంటే పిక్క లెక్క తెలియాలి. ఇక్కడి రైతు ధర అడిగేది 80 కిలోల బస్తాకి. ప్రపంచ జీడి వ్యాపారమూ అదే బస్తాని కొలతగా పెట్టుకుని, దాని నుంచి ఎన్ని పౌన్ల పప్పు దిగుతుందో చూసి నాణ్యత కడుతుంది. 48 పౌన్లు, అంటే 22 కిలోలకు కాస్త తక్కువ వస్తే మంచి సరుకు. ఆ పప్పులో గుండు ఎంత, బద్ద ఎంత అన్నదాని మీదే యజమాని లాభం ఉంటుంది. గుండు పప్పులోనూ డబ్ల్యు 180, డబ్ల్యు 240, డబ్ల్యు 320 అని తరగతులు. పౌనుకు ఎన్ని పలుకులు తూగుతాయో ఆ అంకె చెబుతుంది. యంత్రం పలుకును చీల్చిందంటే ఒక్క దెబ్బతో ధర పడిపోతుంది. బ్లేడు వాలులో చిన్న తేడా కూడా ఏడాది చివర లెక్కల్లో పెద్ద మొత్తమవుతుంది.

పెంకులోని నూనె సంగతి వేరే చెప్పాలి. జీడి ఒలిచే ఆడవాళ్ల వేళ్లను నల్లబరిచి, చర్మం ఊడగొట్టే నూనె అది. బూడిద రాసుకుని, నూనె పట్టించుకుని తరాల తరబడి ఆ పని చేశారు. అదే నూనె మీద మార్టిమర్ హార్వే అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త గత శతాబ్దం తొలి సగంలో వరస పేటెంట్లు తీసుకున్నాడు. న్యూజెర్సీలోని ఇర్వింగ్టన్ వార్నిష్ కంపెనీ దాని నుంచి వార్నిష్‌లు, రెజిన్లు, కార్ల బ్రేకు లైనింగుల్లో వాడే పొడి తయారు చేసింది. వేళ్లు కాలిన చోట పేటెంట్ పుట్టలేదు, ప్రయోగశాల ఉన్న చోట పుట్టింది. హార్వేది తప్పని నేననను. అతను నూనెను పరిశీలించి, రాసి, దరఖాస్తు పెట్టాడు. ఆ మూడు పనులకూ ఇక్కడ ఏర్పాటు లేకపోయింది, ఇప్పటికీ అరకొరే.

ఇక చట్టం. 1970 పేటెంట్ చట్టం మూడో సెక్షన్‌లో ఒక నిబంధన ఉంది: తెలిసిన పరికరాలను అటూ ఇటూ మార్చి అమర్చి, ఒక్కోటి దాని పాత పనే చేస్తూ ఉంటే అది ఆవిష్కరణ కాదు. దీనికి తోడు సుప్రీంకోర్టు 1978లో ఇచ్చిన తీర్పు ఒకటుంది. మీర్జాపూర్‌లో ఇత్తడి పాత్రలు చేసే ఒక సంస్థ, లేత్ మీద తిరుగుతున్న పాత్ర ఊడి ఎగిరి పనివాడిని కొట్టకుండా రెండో వైపు నుంచి మొనదేలిన కడ్డీతో నొక్కిపట్టే అమరికకు పేటెంట్ తెచ్చుకుంది. పోటీదారుతో గొడవ కోర్టుకెక్కింది. విశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్ కేసుగా పేరుపడిన ఆ వివాదంలో పేటెంట్ నిలవలేదు. పని తెలిసిన మేస్త్రీ ఎవరైనా చేయగల వర్క్‌షాపు మెరుగుదల తప్ప ఇందులో ఆవిష్కరణ లేదని కోర్టు తేల్చింది.

తీర్పు తప్పని వాదించలేం. 20 ఏళ్ల గుత్తాధిపత్యం ఇచ్చేటప్పుడు గీత ఎత్తులోనే ఉండాలి. కానీ పలాస షెడ్డులో జరిగేదంతా వర్క్‌షాపు మెరుగుదలే. ఒక యంత్రం ఏడాదికి ఎంత పప్పు విరగ్గొడుతుందో, ఎన్ని వేళ్లు కోస్తుందో నిర్ణయించేది ఆ మెరుగుదలలే. చట్టం దృష్టిలో అవి లేనట్టే లెక్క.

చాలా దేశాలు దీనికి మధ్యేమార్గం చూసుకున్నాయి. జర్మనీ 1891లోనే చిన్న యాంత్రిక మార్పులకు వేరే చట్టం చేసింది, జపాన్ 1905లో. చైనాలో ఇలాంటి చిన్న పేటెంట్లు లెక్కకు మించి ఉన్నాయి. మనకు ముఖ్యమైనది వియత్నాం. 2006 ప్రాంతంలో జీడిపప్పు ఎగుమతిలో భారత్‌ను దాటి మొదటి స్థానానికి వెళ్లిన దేశం అది. పిక్క కోయడం నుంచి పొట్టు తీయడం దాకా సొంత యంత్రాలు చేసుకుని, ఇప్పుడు వాటిని ఇతర దేశాలకు అమ్ముతోంది కూడా. అక్కడి మేధోసంపత్తి చట్టంలో మామూలు పేటెంట్‌తో పాటు పదేళ్ల చిన్న పేటెంట్ ఉంది. వియత్నాం గెలుపంతా ఆ చట్టం వల్లేనని చెప్పడం అతిశయోక్తి. పంట, ప్రభుత్వ అప్పు, ఓడరేవులు, కూలి అన్నీ కలిశాయి. కానీ మేస్త్రీ చేసిన మార్పుకు అక్కడ నమోదయ్యే దారి ఉంది.

మన దగ్గర ఈ మాట కొత్తదేం కాదు. కేంద్ర పారిశ్రామిక విధాన శాఖ 2011 మేలో చిన్న పేటెంట్ల మీద చర్చాపత్రం విడుదల చేసి అభిప్రాయాలడిగింది. చట్టం మాత్రం రాలేదు. వ్యతిరేకించినవాళ్ల భయాలు ఊరికే కొట్టేయదగ్గవి కావు. పరీక్షించకుండా హక్కులిస్తే పనికిమాలిన దరఖాస్తులు వరదలా వస్తాయి. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది: షెడ్లలో విద్య ఒకర్ని చూసి ఒకరు నేర్చుకునేది. రేపు ఒక మేస్త్రీ పేరున, లేదా లాయరును పెట్టుకోగల ఒక వ్యాపారి పేరున హక్కు రాస్తే, మిగతా షెడ్లకు నోటీసులు పోతాయి. కాశీబుగ్గలో ఆ రోజు రావాలని ఎవరూ కోరుకోరు.

అందుకే నేను కోరే చిన్న పేటెంట్‌లో ఆపే హక్కు ఉండకూడదు, అడిగి పుచ్చుకునే హక్కు ఉండాలి. అంటే ఇతరులు వాడుకోవచ్చు, ముందే నిర్ణయించిన కొద్ది రుసుము ఇవ్వాలి. ఏడెనిమిదేళ్లకు మించకూడదు. యాంత్రిక పరికరాలకే పరిమితం చేయాలి. యంత్రం నిజంగా నడుస్తోందని చూపితేనే కొనసాగాలి. కోర్టు నిషేధం లేకపోతే పెద్దవాడికి అది ఆయుధంగా పనికిరాదు, పేరు నమోదైతే చిన్నవాడికి బ్యాంకులో చూపుకోవడానికి ఒక కాగితం ఉంటుంది.

నిల్వ విషయంలో ఉద్దానం కథ ఇంకో రకం. కొల్లం నుంచి అమెరికాకు ఓడల్లో పప్పు పంపిన తొలి రోజుల్లో చెక్క పెట్టెల్లోనే పురుగు పట్టేది. డబ్బాలో గాలి లాగేసి కార్బన్ డయాక్సైడ్ నింపే పద్ధతి వచ్చాకే ఎగుమతి నిలదొక్కుకుంది. ఆ వాయువును పప్పు కొంత పీల్చుకోవడంతో డబ్బా లోపలికి బిగుసుకుంటుంది, పురుగుకు ఊపిరి ఆడదు. 25 పౌన్ల డబ్బా, అంటే 11.34 కిలోలు, నేటికీ ఎగుమతి కొలతగానే ఉంది. ఇప్పుడు వ్యాక్యూమ్ సంచులూ వచ్చాయి. గమనించాల్సింది ఏమిటంటే ఈ తెలివంతా పప్పు వ్యాపారి వైపే పోగుపడింది. రైతు వైపు, మార్చి నుంచి మే దాకా చెట్టు నుంచి రాలే పిక్కను తేమ పోయేలా ఆరబెట్టి నాలుగు నెలలు ఆపుకోవడానికి చవకైన సాధనం ఏదీ లేదు. ఆపుకోలేనివాడు దళారి చెప్పిన ధరకే తూకం వేస్తాడు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను జీడి, కొబ్బరి తోటలను పడగొట్టినప్పుడు చెట్టు పోయిన నష్టం అందరికీ కనిపించింది. ఏటా కల్లంలోనే పోయే ఈ నష్టం ఎవరి లెక్కల్లోకీ ఎక్కదు. గాలిచొరబడని సంచి, చిన్న ఆరబెట్టే పెట్టె, తేమ కొలిచే మీటరు, ఇవన్నీ కొత్తగా కనిపెట్టాల్సినవి కావు. ఇక్కడి ఉప్పుగాలికి, ఇక్కడి పిక్కకి సరిపోయేలా మలచాల్సినవి. మళ్లీ వర్క్‌షాపు మెరుగుదలే!

ఆసుపత్రి మాట వదిలి ఉద్దానం గురించి రాయడం కుదరదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బుకు కారణం ఇదని శాస్త్రం ఇంకా తేల్చలేదు. డయాలసిస్ మాత్రం వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు తప్పదు. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి, హిరమండలం జలాశయం నుంచి తాగునీటి పథకం ప్రారంభమయ్యాయి. ఆ ఆసుపత్రి మంచం పక్కన నిలబడ్డ యంత్రం చరిత్ర చూస్తే పేటెంట్ మీద మన అభిప్రాయాలు కాస్త సర్దుకుంటాయి.

కృత్రిమ కిడ్నీని మొదట పని చేయించింది విలెమ్ కోల్ఫ్. 1943లో, నాజీల ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లోని కాంపెన్ పట్టణంలో, చెక్క డ్రమ్ముకు మాంసం సాసేజీల సెల్లోఫేన్ తొడుగు చుట్టి రక్తం శుద్ధి చేశాడు. యుద్ధం అయ్యాక తాను చేసిన యంత్రాలను ఇతర దేశాల ఆసుపత్రులకు ఊరికే పంపేశాడు, బొమ్మలు గీసి ఇచ్చాడు. 1960లో సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ టెఫ్లాన్ గొట్టంతో రక్తనాళానికి శాశ్వత దారి వేశాడు. అంతదాకా ప్రతిసారీ కొత్త నాళం కోయాల్సి రావడంతో దీర్ఘకాలిక రోగికి డయాలసిస్ కుదిరేది కాదు. 1966లో న్యూయార్క్ వైద్యులు బ్రెసియా, చిమినో బృందం గొట్టం కూడా లేకుండా మణికట్టు దగ్గర ధమనిని సిరకు కలిపి కుట్టే పద్ధతిని ప్రచురించింది. ఉద్దానంలో రోగుల ముంజేతి మీద ఉబ్బి కనిపించే ఫిస్టులా అదే. కోసి కుట్టే ఈ పద్ధతికి మన దేశంలో పేటెంట్ ఇవ్వరు. కత్తికి ఇవ్వొచ్చు, కోతకు ఇవ్వకూడదని చట్టం స్పష్టంగా చెప్పింది. పలాసలో సర్జన్ ఎవరి అనుమతీ అడక్కుండా ఆ కుట్టు వేయగలుగుతున్నాడు. మన చట్టంలో నాకు బాగా నచ్చిన నిబంధన ఇది.

పేటెంట్లు వచ్చింది ఆ తర్వాతి దశలో. వెంట్రుక లాంటి బోలు దారాలు వేల సంఖ్యలో పేర్చిన ఫిల్టరుకు 1960ల్లో డౌ కంపెనీ పని పునాది. డయాలసిస్ ఒక్క విడతకు కావలసిన సుమారు 120 లీటర్ల శుద్ధ నీటిని ఇచ్చే ఆర్‌వో పొరకు లోబ్, శౌరిరాజన్‌లు కాలిఫోర్నియాలో చేసిన పని పునాది. శౌరిరాజన్ మన దక్షిణాది వాడే. ఆ తొలి హక్కుల గడువు ఎప్పుడో తీరింది. అయినా యంత్రం, ఫిల్టరు చవక కాలేదంటే అడ్డు పేటెంట్ కాదు, తయారు చేసే విద్య మన దగ్గర పెరగకపోవడం. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థ గుండె కవాటాన్ని సొంతంగా చేసి, 1990లో మనిషికి అమర్చి, తయారీని ఒక కంపెనీకి అప్పగించింది. విశాఖలో మెడ్‌టెక్ జోన్ ఉంది. డయాలసిస్ అవసరం ఇంత దట్టంగా ఉన్న తీరానికి అది రోడ్డు దారిలోనే ఉంది.

మళ్లీ జీడి షెడ్డుకు వస్తే, మెషిన్లు ఆడవాళ్ల పొట్టకొడతాయన్న అభ్యంతరం ఎప్పుడూ వినిపిస్తుంది. అది పూర్తిగా అబద్ధం కాదు. పొట్టు తీయడం, గ్రేడింగు చేయడం మీద బతికే కుటుంబాలు ఇక్కడ వేలల్లో ఉన్నాయి. కానీ చేతులు కాలే పనిని ఉపాధి పేరుతో కాపాడమనడం నాకు మింగుడుపడదు. యంత్రం ఎవరి సొంతం అన్నదే నిజమైన ప్రశ్న, స్వయం సహాయక సంఘాలు ఆ దిక్కుగా ఇంకా పెద్దగా కదల్లేదు.

ఇక కాలేజీలు. టెక్కలిలో ఇంజినీరింగ్ కాలేజీ ఉంది, ఎచ్చెర్లలో ట్రిపుల్ ఐటీ ఉంది. దేశవ్యాప్త ర్యాంకింగుల్లో పేటెంట్ దరఖాస్తు ప్రచురణకు కూడా మార్కులుండటంతో, ఎక్కడైనా దరఖాస్తుల సంఖ్యే లక్ష్యమైపోతోంది. ప్రచురణ అంటే 18 నెలల తర్వాత ఎవరి దరఖాస్తయినా బయటపెట్టడమే, అది హక్కు కాదు, పనికొచ్చే యంత్రమన్న ధ్రువీకరణా కాదు. ఆలేరు దగ్గర శారాజీపేట నుంచి వచ్చిన చింతకింది మల్లేశం తల్లి చేతుల నొప్పి చూసి, నేతకు ముందు నూలు ఆసు పోసే యంత్రం చేశాడు. 1999లో పూర్తయిన దానికి పేటెంట్ దక్కేసరికి పదేళ్లు దాటింది. ఆయనకు బడి చదువు ఆరో తరగతితో ఆగింది. ఏ ర్యాంకింగూ ఆ యంత్రాన్ని లెక్కపెట్టలేదు, నేతగాళ్ల ఇళ్లు లెక్కపెట్టాయి.

వ్యక్తి పేరున ఆన్‌లైన్ పేటెంట్ దరఖాస్తు రుసుము 1600 రూపాయలు. తాత్కాలిక వివరణతో పెట్టి, పూర్తి వివరణకు 12 నెలలు తీసుకోవచ్చు. మనది చెన్నై కార్యాలయం పరిధి. ఆ 12 నెలల్లో టెక్కలి విద్యార్థి ఒకరు కాశీబుగ్గ షెడ్డులో కూర్చుని, మార్చకముందు బస్తాకి ఎన్ని బద్దలు, మార్చాక ఎన్ని అని రాసిపెడితే, మేస్త్రీ పేరు మొదటి ఆవిష్కర్తగా, విద్యార్థి పేరు రెండోదిగా పడొచ్చు. వర్క్‌షాపు మెరుగుదలేనంటూ అది తిరస్కారానికి గురైనా, చిన్న పేటెంట్ చట్టం కావాలని పార్లమెంటు ముందు పెట్టడానికి మన దగ్గర అంకెలతో కూడిన ఫైలు ఒకటి ఉంటుంది. 2011 చర్చాపత్రానికి మన వైపు నుంచి అలాంటి ఫైలు ఏదీ వెళ్లినట్టు లేదు.