రెండరింగ్ ఆగితే మెషిన్ మార్చడమేనా?

పత్తికొండ, ఆదోని, ఎమ్మిగనూరుల్లో పెళ్లి వీడియో అంటే ఇప్పుడు తలంబ్రాలు, తాళి రికార్డు చేసి ఇవ్వడం మాత్రమే కాదు. డ్రోన్ షాట్లు, స్లో మోషన్, రాలే పూలు, పాట తాళానికి మారే ఫొటోలు అన్నీ ఉండాలి. వీటన్నిటినీ కలిపి ఒక్క ఫైలుగా మార్చే రెండరింగ్ సగంలో ఆగిపోతే, మెషిన్ పాతబడింది, గ్రాఫిక్స్ కార్డు మార్చాలి అన్న తీర్పు వెంటనే వచ్చేస్తుంది. చిన్న ఊళ్ల స్టూడియోలకు అది అప్పుతో కూడిన తీర్పు. తప్పు ఎక్కడుందో వెతక్కముందే ఆ అప్పు చేయకూడదని, వెతకడాన్ని కూడా ఎడిటింగ్ విద్యలో భాగంగా నేర్పాలని నా వాదన.

ముందు లెక్క చూద్దాం. 4కే ఫ్రేములో 3840 నిలువు వరుసలు, 2160 అడ్డు వరుసలు, అంటే సుమారు 83 లక్షల పిక్సెళ్లు ఉంటాయి. ఒక్కో ఛానెల్‌కు 32 బిట్ల నాణ్యతలో ఒక్క లేయరుకే 130 ఎంబీకి పైగా మెమరీ కావాలి. ఇక 24 మెగాపిక్సెళ్ల కెమెరా ఫొటోను తగ్గించకుండా టైమ్‌లైన్‌లో పెడితే అదే లెక్కన 380 ఎంబీ దాటుతుంది. తెర మూలన అరచేయంత కనిపించినా లోపల అది పూర్తి బరువుతోనే కూర్చుంటుంది. అలాంటివి పది ఒకేసారి తిరిగే కొలాజ్ వచ్చిందంటే దాదాపు 4 జీబీ. 4 జీబీ కార్డు చేతులెత్తేసేది అక్కడే. ఆ ఫొటోలను తెర సైజుకు ముందే తగ్గించి పెడితే ఆ కార్డే పని చేసిపెట్టవచ్చు. బంధువులు సెల్‌ఫోన్లో తీసిన వీడియోలు మరో చిక్కు. వాటిలో ఫ్రేముల వేగం నిలకడగా ఉండదు గనుక, ముందే స్థిరమైన వేగానికి మార్చుకోవాలి.

ఎమ్మిగనూరు చేనేతకు పేరుపడ్డ ఊరు. పడుగులో ఒక పోగు తెగితే నేతగాడు మగ్గం మార్చడు, తెగిన పోగు వెతికి ముడేస్తాడు. టైమ్‌లైన్‌లో ఆ పోగును పట్టే పద్ధతి సగాలు చేయడం. నలభై నిమిషాల వీడియో ఆగిందనుకోండి, మొదటి ఇరవై నిమిషాలే రెండర్ చేయాలి. అది పూర్తయితే తప్పు రెండో సగంలో ఉన్నట్టు, ఆగితే ఇందులోనే ఉన్నట్టు. దొరికిన సగాన్ని మళ్లీ సగం చేయాలి. అయిదు ప్రయత్నాల్లో అనుమానం డెబ్బై అయిదు సెకన్లకు కుదించుకుపోతుంది. ఆ ముక్కలో ఎఫెక్టులను ఒక్కొక్కటిగా ఆపి చూస్తే దోషి బయటపడుతుంది. రెండు సగాలూ విడివిడిగా సజావుగా వచ్చి, కలిపితేనే ఆగుతుంటే అదీ ఒక జవాబే. అప్పుడు తప్పు ఏ ఒక్క క్లిప్పుదీ కాదు. వేడి కావచ్చు, నిండుతూ పోయే మెమరీ కావచ్చు, ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన డ్రైవు కావచ్చు. ఆ డ్రైవు 4 జీబీని మించిన ఫైలును అసలు తీసుకోదు. ఎండాకాలం నలభై డిగ్రీలు దాటే మన ప్రాంతంలో, అందులోనూ పత్తి మిల్లుల ఆదోనిలో, ఫ్యాన్లలో చేరే దుమ్మునూ అనుమానించాలి. చిప్ వేడెక్కితే వేగం తానే తగ్గించుకుంటుంది, ఇంకా వేడెక్కితే మెషినే ఆగిపోతుంది.

ముహూర్తాల సీజన్‌లో ఇంత తీరికెక్కడిదంటారు. న్యాయమైన మాటే. కానీ ఇరవై, పది, అయిదు, రెండున్నర, ఒకటింబావు నిమిషాలు కలిపితే నలభై కూడా కావు. మొత్తం వీడియోను దేవుడిమీద భారం వేసి మరోసారి రెండర్ చేసే సమయం కన్నా ఈ వెతుకులాట సాధారణంగా తక్కువే తీసుకుంటుంది. పాత మెషిన్ నిజంగానే చాలదన్న అభ్యంతరమూ ఉంది. కొన్నిసార్లు చాలదు, కొనాల్సిందే. అయితే లోటు ర్యామ్‌లోనా, కార్డులోనా, డిస్కులోనా అన్నది ఈ పరీక్ష తర్వాతే తెలుస్తుంది. చాలని భాగం ఒక్కటే కొంటే చాలు.

సినిమాల విజువల్ ఎఫెక్ట్స్ స్టూడియోల్లో ఎంత గొప్ప మెషిన్లున్నా పని ఆగదని ఎవరూ ధీమాగా ఉండరు. అక్కడ ప్రతి ఫ్రేమునూ విడి బొమ్మగా దాచుకోవడం మామూలు. ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ సంస్థ 2003లో అందరికీ ఉచితంగా ఇచ్చిన ఓపెన్ ఈఎక్స్ఆర్ ఫార్మాట్ అందుకు బాగా వాడుకలో ఉంది. అయిదు వేలవ ఫ్రేము చెడితే అదొక్కటే మళ్లీ చేస్తారు. పెళ్లి వీడియోకు అంత అక్కర్లేదు. బరువైన ఎఫెక్టులున్న పాటను ముందే విడి ఫైలుగా రెండర్ చేసి, దాన్ని మామూలు క్లిప్పులా టైమ్‌లైన్‌లో పెట్టుకోవచ్చు. అప్పుడు అర్ధరాత్రి కరెంటు పోయినా ఆ పాట పోదు.